సరైన కార్బురేటర్

"అక్కా, మా నాయన నీ అంగడికే వస్తా ఉండాడు. లారీకి కార్బురేటర్ అడుగుతాడు. సరైంది మాత్రం ఇయ్యొద్దు."

ఫోన్లో తిరుత్తణి మురుగేశ్. తిరువళ్లూరులో లారీ సామాన్ల కొట్టు నడిపే కన్యకాంబ ఆ మాటకు ఉలిక్కిపడింది.

"తప్పు సామాను అమ్మమంటావా? నా అంగట్లోనా?"

"నాయనకు ఎనభై దాటినాయక్కా. పోయిన నెల లారీని పాలబూత్ మీదికి ఎక్కించినాడు. లోపల ఎవురూ లేరు కాబట్టి బతికిపోయినాము. తాళం ఇమ్మంటే అన్నం మానేసినాడు. ఇప్పుడు కార్బురేటర్ పోయి బండి దానంతట అదే నిలబడింది. అమరనిది ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపించు. నీకు దండం పెడతాను."

"చూస్తాలే" అని ఆమె ఫోను పెట్టేసింది. కన్యకాంబ ఇచ్చిందంటే కళ్లు మూసుకుని బిగించొచ్చని ఊళ్లో మెకానిక్కులు చెప్పుకుంటారు. ఆ మాట పోతే ఆ కొట్లో ఇక మిగిలేది ఇనుమే.

మురుగేశ్ తండ్రి కుప్పుస్వామి రానే వచ్చాడు. ముందు పక్కనున్న పెయింట్ల అంగట్లోకి వెళ్లి, వాళ్లతో ఏదో మాట్లాడి, ఆ తర్వాతే ఈ గుమ్మం ఎక్కాడు. పెద్దవాళ్లకు పలకరింపులు ఎక్కువలే అనుకుంది. తుండుగుడ్డ మూట విప్పి పాత కార్బురేటర్ బల్లమీద పెట్టాడు.

"ఇట్లాంటిదే ఇయ్యి పాపా. పెట్రోలు లారీ, రొంబ పాతది. నాతోపాటే ముసలిదైపోయింది."

లోపల అరలో రెండున్నాయి. చూపుకు కవలపిల్లలు. ఒకటి ఆ లారీదే. రెండోదానికి బోల్టు రంధ్రాలు కాస్త ఎడంగా ఉంటాయి, ఆ ఇంజిను మీద చచ్చినా కూర్చోదు. కన్యకాంబ చెయ్యి సరైనదాని మీదికే పోయింది. అంతలో పాలబూత్ గుర్తొచ్చింది. ఈసారి అందులో మనుషులుంటే? రెండోది తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

ముసలాయన దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. తల వీధివైపే ఉంది. బొటనవేలితో రంధ్రాలు తడిమాడు. పాతదాన్ని తడిమాడు. మళ్లీ కొత్తదాన్ని. అనుభవమంటే ఇదీ, దొరికిపోయాననుకుంది ఆమె.

"ఇది నా బండిదేనా పాపా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"కాదు మామా. తప్పు నాదే. ఉండు," అని లోపలికి వెళ్లి సరైనది తెచ్చిపెట్టింది. మురుగేశ్‌కు కోపం వస్తుందని ఆమెకు తెలుసు. రేపు ఏదైనా జరిగితే తనను తాను క్షమించుకోలేదు కూడా. కానీ ఆ ముసలాయన్ని మోసం చెయ్యడం ఆమె వల్ల కాలేదు.

కుప్పుస్వామి దాన్నీ తడిమాడు. ముఖం విప్పారింది.

"ఇదీ కార్బురేటరంటే. కొలిచినట్టు కూర్చుంటుంది."

అని, దాన్ని మెల్లగా ఆమె వైపు నెట్టేసి, ఆమె మొదట ఇచ్చినదాన్ని తుండుగుడ్డలో మూటగట్టసాగాడు.

"మామా, అది అమరదు."

"తెలుసు. అందుకే ఇది కావల్ల."

మూట చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్టు దిగాడు. ఆయన చూపు బస్సులొచ్చే దిక్కున కాకుండా ఎటో ఉంది.

"సరైన సామాను దొరకలేదు, బండి అమ్మేద్దామని ఇంట్లో చెప్పేస్తాను. తిరుత్తణి బస్సు వస్తే కాస్త ఎక్కించు పాపా, బోర్డు కనపడక ఆరు నెలలాయె. మా మురుగేశ్‌కు మాత్రం చెప్పొద్దు, బెంగపెట్టుకుంటాడు."