హీరోయిన్ కాలర్

“నాకూ ఆ హీరోయిన్ కాలరే కుట్టిపెట్టమ్మా,” అంది పెళ్లైన కూతురు, మెడకు చుట్టుకున్న చున్నీ తియ్యకుండానే.

దర్జీ పని చేసే తల్లి నవ్వుతూ టేపు అందుకుంది. “నువ్వూ మొదలెట్టావా? మెడంతా కప్పే ఆ కాలరంటే ఊరంతా పిచ్చి. ఉక్కపోత తట్టుకోలేక పల్చటి గుడ్డతో కుట్టమంటున్నారు.”

“నాకు మాత్రం లోపల అట్టలాంటి గుడ్డ వెయ్యి. కిందికి జారకూడదు.”

తల్లి చెయ్యి ఆగిపోయింది. అలా అడిగింది ఇంతవరకూ ఒక్క హీరోయినే. షూటింగ్ కోసం ఊరొచ్చిన ఆమెకు మొట్టమొదటి కాలర్ కుట్టిన రోజు, ఆ పిల్ల మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు తను కళ్లారా చూసింది.

“చున్నీ తియ్యవే,” అంది మెల్లగా.

కూతురు గుమ్మం వైపు చూసింది. అక్కడ అల్లుడు నవ్వుతూ చెప్పులు విప్పుతున్నాడు.

“ఎందుకులెండి అత్తయ్యా. దాని మెడ కొలత నాకు తెలుసుగా.”