బొడ్డుపేగు చుట్టరికం

ఈసారి గౌను జేబులో చీటీ ఉంది.

బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఉత్తరాలు చదివి, పేరుగానీ ఊరుగానీ కనిపిస్తే కొట్టేసి పంపుతారు. జేబులు మాత్రం వెతకరు. చీటీలో ఒక కుట్టు దుకాణం చిరునామా, కింద ఒకే వాక్యం: "పాపను ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది చెల్లెమ్మా."

ఆమె చీటీని మళ్ళీ జేబులోనే దోపి, పసుపు గౌను మడత పెట్టింది.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. కాన్పు గదిలో నర్సు అడిగింది. "బొడ్డుతాడులో మిగిలిన రక్తం మామూలుగా పారబోస్తామమ్మా. మీరు సరేనంటే బ్లడ్ బ్యాంకులో దాచిపెడతారు. ఎవరి ప్రాణానికైనా అక్కరకొస్తుంది."

"పారబోసేదానికి నన్నడగడం ఎందుకు, తీసుకోండి" అంది ఆమె. అప్పటికి ఆమె చూపంతా పాప మీదే ఉంది.

పాపకు ఏడాది దాటాక బ్లడ్ బ్యాంకు ద్వారా మొదటి ఉత్తరం వచ్చింది.

"అమ్మా, నేనొక దర్జీని. ఎముకల్లో మూలుగ ఎండిపోయి ఒంట్లో నెత్తురు ఊరడం మానేసింది. మీ పాప బొడ్డు రక్తంలోని కణాలు ఎక్కించారు. అవి నా ఎముకల్లో వేళ్ళూనుకున్నాయి. కొత్త మూలుగ పుట్టింది. నా బ్లడ్ గ్రూపు కూడా మారిపోయి పాపదే వచ్చిందట. మరి పాప నాకేమవుతుందని అడిగితే డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. నాకు నేనే మేనకోడలని ఖాయం చేసుకున్నాను. ఏమీ అనుకోకండి."

పాప తండ్రి వేరే కాపురం పెట్టి అప్పటికి మూడు నెలలు. ఆమెకు తోబుట్టువులు లేరు. ఉత్తరం రెండుసార్లు చదివింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకునే జవాబు రాసింది. మధ్యలో పాప కాగితం పట్టుకు లాగితే ఓ మూల చిరిగింది. చిరుగు పక్కనే "ఇది మీ మేనకోడలి సంతకం" అని రాసి పంపింది.

అలా చుట్టరికం కలిసింది. ఏడాదికి రెండు ఉత్తరాలు, పుట్టినరోజుకు ఓ గౌను. "కొలతలు పంపు చెల్లెమ్మా" అని ముందుగానే అడిగేవాడు. ఆమె పనిచేసేది పిల్లల బట్టల దుకాణంలో. ఏ వయసుకు భుజమెంతో, నడుమెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఓ కాగితం మీద రాసి పంపేది. వచ్చిన గౌన్లు బీరువా పై అరలో పదిలంగా పెట్టేది.

"ముందు పన్ను ఊడింది. నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది" అని రాసింది ఓసారి. ఇంకోసారి, "లెక్కల్లో అచ్చం నా పోలికే, సున్నా."

"ఆ నింద నువ్వెందుకు మోస్తావు, మేనమామ పోలికని చెప్పు" అని జవాబొచ్చింది. "జానెడు గుడ్డ తక్కువ కోసి నిన్ననే రెండు చొక్కాలు పాడుచేశాను."

ఆమెకు ఉత్తరం రాసే మనిషి లోకంలో అతనొక్కడే. ఆ కవరు వచ్చిన రోజు దుకాణంలో కాళ్ళ నొప్పులు కూడా తెలిసేవి కావు.

పాపను చూస్తానని అతను రెండేళ్ళుగా అడుగుతున్నాడు. బ్లడ్ బ్యాంకు నియమాలు ఒప్పుకోవంటూ ఆమె దాటవేస్తోంది. ఇప్పుడు చిరునామా చేతికొచ్చింది. ఇక నియమాల మీద నెట్టేసే వీల్లేదు.

రెండు రోజులు చూడనట్టే ఊరుకుంది. మూడో రోజు సెలవు పెట్టి, ఒక్కతే బస్సెక్కింది. ఈ ఉత్తరాలకు ఎక్కడో ఒకచోట ముగింపు పలకాలి. అదైనా మనిషి ఎదురుగా నిలబడి చెప్పాలి. కిటికీ పక్కన కూర్చుని దారంతా ఆ నాలుగు మాటలే కూడబలుక్కుంది.

దుకాణం ఇరుకుగా ఉంది. రెండు మిషన్లలో ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. రెండోదాని ముందు నెరిసిన జుట్టు పెద్దావిడ, మెడలో టేపు.

"దర్జీ అన్నయ్యను కలవాలండీ. పసుపు గౌను అందింది."

మిషను ఆగింది. పెద్దావిడ గబగబా లేచి, ఆమె వెనకాల గుమ్మం వైపు చూసింది.

"పాప రాలేదా?"

"ముందు అన్నయ్యతో మాట్లాడాలండీ."

పెద్దావిడ స్టూలు జరిపి కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. "నేను వాడి అక్కని. వాడికి రాయడం అంతంతమాత్రం. మొదటి ఉత్తరం నుంచీ వాడు చెబుతుంటే నేనే రాసేదాన్ని."

"అన్నయ్య బయటికెళ్ళాడా?"

అక్క మెడలోని టేపు తీసి వేలికి చుట్టసాగింది.

"పోయి నాలుగేళ్ళయిందమ్మా. నెమ్ము చేసింది, వారం కూడా ఆగలేదు. అంతకుముందు బతికిన నాలుగేళ్ళూ పాప పెట్టిన భిక్షే."

"మరి... ఉత్తరాలు? గౌన్లు?"

"నేనే. చెబితే నువ్వు రాయడం మానేస్తావని భయమేసింది. ఇంట్లో నేనొక్కదాన్నే కదా. వాడి ఒంట్లో పారిన నెత్తురు పాపదే. పాప బడికెళ్ళిందనీ, పన్నూడిందనీ నువ్వు రాస్తే, నా తమ్ముడు ఇంకా ఎక్కడో పెరుగుతున్నట్టుండేది. మోసమేలే. తిట్టాలనుంటే తిట్టు. కానీ ఒక్కసారి పాపను తీసుకొచ్చి చూపించమ్మా."

ఆమె గ్లాసు కింద పెట్టి, అక్క చేతులు రెండూ పట్టుకుంది.

"మా పాప రెండేళ్ళు నిండకుండానే పోయిందక్కా."