నత్తనడక బోటు

"ఏమేవ్, ఇలా వచ్చి దీని అందం చూడు!"

టెత్సురో కేకకి బోట్ల షెడ్డంతా మారుమోగింది. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఫుమియే చేతిసంచీతో వచ్చి భర్త వెనకాల నిలబడింది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయనకి ఇల్లొక సత్రం. తినడం, పడుకోవడం, పోవడం. రిటైరయ్యాక ఎక్కళ్ళేని ప్రేమా పుట్టుకొచ్చింది. కూరగాయల కొట్టుకి కూడా ఆవిడ కొంగు వదలడు. ఒనోమిచి రేవు నుంచి దీవి దీవికీ ఆవిణ్ణి తిప్పాలని ఇప్పుడొకటే ఆరాటం. ఆవిడ పక్కన కూర్చుంటే చాలు, చేసిన తప్పులన్నీ నీళ్ళలో కొట్టుకుపోతాయని ఆయన ఆశ.

"ఇది చదునడుగు బోటండీ," అన్నాడు బోట్లు కట్టే ఓచి. "వెనక పెద్ద పెట్రోలు ఇంజను. వేగం అందుకుందంటే నీళ్ళ మీదికి లేచి పరుగే. పొద్దున టోమో రేవుకి వెళ్ళి, టీ తాగి, ఎండెక్కేలోపు ఇంట్లో ఉంటారు. కాకపోతే తాగుడెక్కువ."

"మా మామగారిలా!" టెత్సురో విరగబడి నవ్వాడు.

ఫుమియే నవ్వలేదు. "ఆ మూలనున్నదేమిటండీ?" అంది ఉన్నట్టుండి.

ఓచి మొహం వెలిగింది. "పొడుగ్గా, సన్నగా ఉంది చూశారూ? అది లేవదు, ఎగరదు. నీళ్ళని చీల్చుకుంటూ పోతుంది. చిన్న డీజిల్ ఇంజను చాలు. పెద్దది పెట్టినా దండగే. ఆ అడుగు ఆకారానికి వేగంలో ఒక హద్దుంది, ఎంత నెట్టినా దాటదు. డీజిల్ మాత్రం చుక్కలు చుక్కలుగా తాగుతుంది."

"దీంట్లో టోమోకి?"

"పొద్దున బయల్దేరితే, తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుందమ్మా."

"నత్తనడక!" టెత్సురో పెదవి విరిచాడు. "ముసలాళ్ళ బండి."

"మనమేం పడుచువాళ్ళమా? నిదానమే ప్రధానం. ఎగిరెగిరి పడితే మీ నడుం ఏం కావాలి?"

టెత్సురో పొంగిపోయాడు. తన నడుం గురించి ఆవిడ బెంగపడుతోంది! ఫలానాది కావాలని ఆవిడ నోరు తెరిచి అడగడం ఇదే మొదలు.

"ఓచీ, ఇదే ఖాయం!"

ఆదివారం పొద్దున రేవులో ఫుమియే అన్నం ముద్దల డబ్బా అందించింది.

"నువ్వు రావూ?"

"ముందు మీరెళ్ళి చెయ్యి అలవాటు చేసుకోండి. తర్వాత చూద్దాం."

మౌనమే అర్ధాంగీకారమనుకుని బతికిన మనిషికి 'చూద్దాం' అంటే పూర్తి అంగీకారమే. బోటు కనుమరుగయ్యేదాకా ఆవిడ ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది.

టోమో కనుచూపుమేరకి వచ్చింది. అబ్బ, ఎంత హాయి! వచ్చే ఆదివారం పక్కన ఆవిడ ఉంటుంది, ఈసారి చక్కగా ఫుమియే అని పిలవాలి అనుకుంటుండగా ఫోను మోగింది. పక్కింటి కషివారా.

"టెత్సురో గారూ, మాతో ఒక్క మాటైనా అనకుండా ఇల్లు మారుతున్నారేమిటండీ?"

"మేమా? ఎవరన్నారు?"

"మీ గుమ్మంలో లారీ ఉంటేనూ! 'మీవారు లేకుండానే సర్దేస్తున్నారా?' అని అడిగితే, 'ఆ బోటు సాయంత్రందాకా ఇల్లు చేరదులెండి' అంది మీ ఆవిడ."

టెత్సురో బోటు వెనక్కి తిప్పి లివరు ఆఖరుదాకా నెట్టాడు. ఇంజను అరిచింది గానీ నడక మారలేదు.

"ఏమేం ఎక్కించారండీ?" అని ఫోన్లో అరిచాడు.

"ఆవిడ సామాను ఒక్కటే."