గాజుగది

“ఆయనకి ఆయాసం వస్తోంది. తలుపు తీయించండి,” అంది చిత్రకారుడి భార్య.

గ్యాలరీ డైరెక్టరమ్మ చిరునవ్వు చెదరనివ్వలేదు. “అది ప్రదర్శనలో భాగం మేడమ్.”

హాలు మధ్యలో గాజుగది, అందులో ఒక కుర్చీ, కుర్చీలో అరవై రెండేళ్ల చిత్రకారుడు. పొద్దున పదింటికి లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నాడు. సాయంత్రం నాలుగు దాకా ఊరికే కూర్చోవడమే ఆయన కళ. చుట్టూ ఎర్రతాడు కట్టి, ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టారు. తాడు బయట జనం గుంపులుగా నిలబడి చూస్తున్నారు. అర్థమైనవాళ్లు ఒకసారి తలూపితే, కానివాళ్లు నాలుగుసార్లు ఊపుతున్నారు.

ముప్ఫయ్యేళ్లు చెట్లూ కొండలూ వేసినంతకాలం ఆయన బొమ్మల్ని ఇంటి గోడలే చూశాయి. అవి మానేసి గాజుగదిలో కూర్చున్నాక పేపర్లో పేరు పడింది. ఇప్పటికి నాలుగు ఊళ్లలో కూర్చున్నాడు. ప్రతిసారీ చప్పట్ల మధ్య బయటికి వచ్చి, రెండు రోజులు ముభావంగా ఉండిపోయేవాడు. అడిగితే, “ఈ ఊళ్లోనూ ఎవరూ లేరు,” అనేవాడు. హాలు కిక్కిరిసిపోతే ఎవరూ లేరంటాడేమిటి, ఈయన చాదస్తం కాకపోతే, అని ఆవిడ నవ్వుకునేది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇన్‌హేలర్ రోజూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఇవాళ ప్రదర్శన కోసం జేబు లేని తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇన్‌హేలర్ ఆవిడ సంచిలో ఉండిపోయింది.

“పిల్లికూతలు మొదలయ్యాయి. మీకు వినపడదు, నాకు తెలుసు. ఆ భుజాలు చూడండి.”

“చూస్తూనే ఉన్నానమ్మా,” అన్నాడు పక్కనే నోటుబుక్కుతో నిలబడ్డ విమర్శకుడు. “ఊపిరినే కళ చేసేశారు. అవాంగార్డ్ అంటే ఇదీ.”

“అదేమిటో నాకు తెలీదు బాబూ.”

“సైన్యానికి ముందు నడిచే దళాన్ని అలా అనేవాళ్లు. తెలియని దారిలో వాళ్లే ముందు వెళ్తారు. మనం వెనక వెళ్తాం.”

“ముందు వెళ్లినవాడు దారిలో పడిపోతే?”

“వెనకవాళ్లకి అది అర్థమవడానికి టైం పడుతుందమ్మా,” అన్నాడతను. తన మాట తనకే నచ్చి రాసుకున్నాడు.

లోపల ఆయన చెయ్యెత్తి, రమ్మన్నట్టు ఊపాడు. హాలంతా చప్పట్లు మోగాయి.

ఆవిడ తాడు దాటబోయింది. గార్డు అడ్డం వచ్చాడు. “మీకు దణ్ణం పెడతానమ్మా, వెనక్కి వెళ్లండి. పన్నెండేళ్ల సర్వీసులో ఇక్కడ దేనిమీదా ఒక్క చెయ్యి పడనివ్వలేదు.”

“నేను ఆయన భార్యని.”

“భార్యలకి వేరే రూలు లేదమ్మా.”

ఆవిడ ఆగిపోయింది. ఆయన వస్తువులు ముట్టుకోకుండా ఉండటం పెళ్లైన కొత్తలోనే అలవాటైంది. ఇన్నేళ్లలో ఆరని బొమ్మ మీద వేలు పెట్టి ఎరగదు. డైరెక్టరమ్మని బతిమాలింది, గార్డుని బతిమాలింది. ఇద్దరూ ఆవిడకేసి జాలిగా చూశారు, అంతే.

ఆయన కుర్చీలోంచి జారి కిందపడ్డాడు.

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. డైరెక్టరమ్మ గార్డుకేసి తిరిగింది. “తాళంచెవి ఎక్కడ?”

“మనకివ్వలేదు మేడమ్. ఆయన దగ్గరే ఉంటుంది,” అన్నాడు గార్డు. “అద్దం పగలగొట్టనా?”

“అంగుళం మందం. పగిలినా ఆయన మీదే పడుతుంది. పక్కవీధిలో తాళాలు బాగుచేసేవాడు ఉన్నాడు, పరుగెత్తు.”

ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఆవిడ తాడు కిందనుంచి దూరి, ఆయన పడ్డ వైపు గాజు పక్కన కూలబడింది. ఇన్‌హేలర్ గాజుకి ఆనించి పట్టుకుంది. “ఇదిగో, ఇక్కడే ఉంది. కాస్త ఓర్చుకోండి.”

ఆయన ఆవిడని చూశాడు, తలుపుకేసి చూశాడు, మళ్లీ ఆవిడని చూశాడు.

“వస్తున్నాడండీ, తాళాలతను వచ్చేస్తున్నాడు,” అంటూ ఆవిడ ఏడ్చింది. ఇంతకంటే ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. చుట్టూ యాభైమంది ఉన్నారు, వాళ్లకీ తోచలేదు.

పావుగంటకి తాళాలతను రొప్పుతూ వచ్చాడు. అప్పటికి ఆయన చూపు తలుపు మీదే నిలిచిపోయింది. అతను మోకాళ్లమీద కూర్చుని పెట్టె తెరిచాడు, తాళం రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు, లేచి తలుపు పిడి పట్టుకున్నాడు.

“దీనికి అసలు తాళమే వేయలేదు కదమ్మా,” అన్నాడు.