తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

"తాళంచెవి ఎవరి జేబులో ఉంది?" అడిగాడు లిఫ్ట్ మెకానిక్.

"మీ జేబులో సార్," అంది పని నేర్చుకోడానికొచ్చిన బడి అమ్మాయి.

"గుంతలోకి దిగేదెవరు?"

"మీరే."

అప్పుడు గానీ దిగలేదు.

పది రోజులుగా ఇదే వరస. లిఫ్ట్ కింద గుంతలో మనిషి ఉండగా ఎవరూ కరెంటు ఇవ్వకూడదు. అందుకని స్విచ్ ఆపి, పెట్టెకి తాళం వేసి, తాళంచెవి దిగేవాడే జేబులో వేసుకోవాలి. నిద్రలో లేపి అడిగినా అమ్మాయి చెప్పేస్తుంది. అయినా మహానుభావుడు అడగడం మానడు.

పదో తరగతి పిల్లలు రెండు వారాలు నిజమైన పనిచోట గడపాలని అమ్మాయి చదివే బడి నియమం. చదువుల్లో ముందున్న బడులన్నీ ఇలాగే చేస్తాయని హెడ్మాస్టర్‌కి గట్టి నమ్మకం. ఎందుకో పన్నెండేళ్లు ఆపేసి, ఈ ఏడే మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడ మంచి మార్కులొస్తేనే పాలిటెక్నిక్‌లో సీటు.

"బ్యాంకుంది, ఆసుపత్రుంది. ఈ గ్రీజు పనేంటే నీకు?" అంది టీచరు. అమ్మాయి లిఫ్టుల దగ్గరే టిక్కు పెట్టింది. ఆ ఫారం మీద సంతకం పెట్టడానికి అమ్మకి వారం పట్టింది.

మెకానిక్ వాచ్‌మన్‌ని ఆటపట్టిస్తాడు, టీ తెచ్చేవాడితో జోకులేస్తాడు. ఈ అమ్మాయి మొహం మాత్రం చూడడు. స్పానర్ అందించినా చూపు నేలమీదే.

"తాళంచెవి నా దగ్గరుంటే ఏమవుతుంది సార్?" ఒకరోజు అడిగింది.

"పైనుంచి ఎవరో అరుస్తారు. లిఫ్ట్ ఏది, ఇంకా ఎంతసేపు అని. పిల్లలకి కంగారెక్కువ. స్విచ్ వేసేస్తారు. వేశాక ఇంక..."

మిగతాది మింగేశాడు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

చివరి రోజు ఒక పాత ఐదంతస్తుల ఆఫీసు. మెకానిక్ గుంత ముందు చాలాసేపు నిలబడ్డాడు. స్విచ్ ఆపి తాళం వేశాడు. తాళంచెవి తీసి అమ్మాయి అరచేతిలో పెట్టాడు. మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇది మీ జేబులో ఉండాలి కదా సార్?"

"ఈ ఒక్కరోజు నీ దగ్గరే ఉండనీ."

దిగిపోయాడు.

ఆమె తాళంచెవిని పిడికిట్లో బిగించింది. లోపల చీకటి. స్పానర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతలో నాలుగో అంతస్తు నుంచి ఎవరో విసుగ్గా అరిచారు.

"ఎంతసేపమ్మా? స్విచ్ వెయ్యి!"

స్పానర్ చప్పుడు ఆగిపోయింది. గుంతలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. వద్దని కూడా అనలేదు.

ఆమె స్విచ్ పెట్టె వైపు చూసింది. చేయి దానంతటదే లేచింది. తాళందాకా వెళ్లింది. తర్వాత తలుచుకుంటే తనమీద తనకే భయమేసింది.

"కింద మనిషున్నాడు!" అని అరిచింది.

మెకానిక్ పైకొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దుమ్ము పడింది," అన్నాడు. మార్కుల ఫారంలో వందకి వంద వేశాడు. సంతకం వంకరపోయింది.

సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మార్కుల వంక చూడనైనా లేదు.

"ఏం నేర్పాడే నీకు, మీ నాన్న గుంతలో ఉండగా స్విచ్ వేసి పొట్టన పెట్టుకున్న ఆనాటి బడిపిల్లాడు?"