సేనానిని బతికించిన చెయ్యి

“ఏ చేత్తో రాశావురా ఆ ముగింపు?”

దర్శకుడు నోరు తెరిచేలోపే బైండరు బావ అతని కుడిచేతిని కటింగ్ మిషన్‌లోకి తోసి చక్రం బిగించేశాడు. కాగితాల కట్ట కదలకుండా అదిమిపట్టే ఇనప పలక మణికట్టు మీద కూర్చుంది. దాన్ని ఆనుకుని, జానెడు ఎత్తులో, నిన్ననే సాన పట్టించిన కత్తి వేలాడుతోంది.

“బావా! నొప్పి బావా!”

“నొప్పా? పొద్దుటాటకి మూడు గంటలు కూర్చున్నాను. నా నొప్పి ఎవడితో చెప్పుకోను?” అంటూ బావ ఎడాపెడా రెండు వాయించాడు. దర్శకుడి కళ్ళజోడు ఎగిరి జిగురు డబ్బాలో పడింది.

బావ ప్రాణంగా చూసుకునే నవలతో దర్శకుడు తీసిన సినిమా ఆ ఉదయమే విడుదలైంది. బావకి టికెట్టు తనే పంపించాడు, ఎలా ఉందో చెప్తాడని తనే నడుచుకుంటూ వచ్చాడు, పిచ్చి మహారాజు.

“నవల్లో సేనానికి ఒంటికన్ను. నీ హీరోకి రెండు కళ్ళెక్కడివిరా?”

“ఒంటికన్ను హీరోకి ఎవరు విజిల్ వేస్తారు బావా?”

ఈసారి పెదవి చిట్లింది.

“కోట ముట్టడి నలభై పేజీలు. అక్కడ నువ్వు పాట పెట్టావు. సరే, చచ్చినట్టు చూశాను. యువరాణి ఏనుగెక్కాలి, నువ్వు గుర్రం ఎక్కించావు. అదీ ఓర్చుకున్నాను. కానీ చచ్చిపోయిన సేనానిని బతికించడానికి నువ్వెవడివిరా?”

“నేను బతికించలేదు! పుస్తకంలోనే బతికాడు బావా, ఒట్టు!”

ఆ మాటతో బావకి ఒళ్ళు మండిపోయింది. ఒక చెయ్యి మిషన్ పిడి మీదే ఉంచి, రెండో చేత్తో అలమరలోంచి పుస్తకం లాగాడు. అది లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క ప్రతి. పేజీలు విడిపోయి బాగుకి వస్తే బావే కుట్టించి కొత్త అట్ట కట్టాడు, ఆ తర్వాత తిరిగిచ్చేందుకు మనసొప్పక దాచేసుకున్నాడు.

“ఇదిగో, మూడు వందల నాలుగో పేజీ. ఆఖరి వాక్యం. ‘సేనాని నదిలోకి దూకాడు. నీళ్ళు మూసుకున్నాయి.’ అంతే! దీనికి ఎన్నిసార్లు ఏడ్చానో మీ అక్కని అడుగు.”

“కింద ‘సమాప్తం’ అని ఉందా బావా?”

“చచ్చినవాడికి మళ్ళీ సమాప్తం ఎందుకురా?”

“నా ప్రతి ఆఫీసులో ఉంది. గంటలో తెప్పిస్తాను, నీ కళ్ళతో నువ్వే చూడు!”

“ఆ గంటలో ఈ చెయ్యి ఇంకో నవలని చంపుతుంది” అని బావ పిడి లాగాడు. కత్తి చేతికి వేలెడు దూరం దాకా దిగింది.

దర్శకుడు పెట్టిన కేకకి లోపలి గదిలో పేజీలు కుడుతున్న అక్క పరుగెత్తుకొచ్చింది. సూది ఇంకా చేతిలోనే ఉంది. తమ్ముడి చెయ్యి ఎక్కడుందో చూసి మొగుడి వీపు మీద దబదబా గుద్దింది.

“వాడు రేపట్నించి ఏం పెట్టుకుని రాసుకుంటాడండీ? వదలండి!”

“నువ్వు తప్పుకో!” బావ మోచేత్తో ఒక్కటి విసిరాడు. ఆవిడ వెళ్ళి కాగితాల కుప్ప మీద వెల్లకిలా పడింది.

లేచేటప్పటికి ఆవిడ చేతిలో సూది లేదు. అట్టలు కోసే కత్తి ఉంది. బల్ల మీదున్న పుస్తకాన్ని లాక్కుని దాని మీద మొన ఆనించింది.

“వాడికి గాటు పడిందా, దీనికీ పడుతుంది.”

“నీకంత ధైర్యం లేదులే.”

“లేదా?”

బావ పిడిని ఇంకాస్త వంచాడు. కత్తి చర్మానికి తగిలింది. చేతి మీద ఎర్రటి గీత తేలి రక్తం బొటబొటా కారింది. అక్క మరి ఆలోచించలేదు. కత్తిని పుస్తకం వెనక అట్టలోకి దింపి ఈ చివర నుంచి ఆ చివరికి చరచరా చీరేసింది.

బావ చావుకేక పెట్టాడు. పిడి వదిలేశాడు.

చీలిన అట్టలోంచి మడతపెట్టిన కాగితాలు జారి కిందపడ్డాయి. అట్ట గట్టిగా ఉండాలని బైండర్లు లోపల పనికిరాని కాగితాలు కూరతారు. బావ కూడా కూరాడు. అయితే ఇవి పనికిరానివి కావు. అచ్చయిన ఒక ఫారం, అంటే వరసగా పదహారు పేజీల కట్ట. పై పేజీ మూలన అంకె మూడు వందల ఐదు.

అక్క పైకే చదివింది. “‘నీళ్ళు మళ్ళీ విచ్చుకున్నాయి. సేనాని తల పైకి తేలింది...’”



“వీటికి జిగురు పూసి మూసేసిన చెయ్యి ఎవరిదండీ?” అంది అక్క.

 బావ కాగితాలు అందుకుని నేల మీద కూలబడ్డాడు. ఈలోగా అక్క చక్రం వదులు చేసి తమ్ముడి చెయ్యి బయటికి తీసింది, కొంగు చింపి కట్టు కట్టింది. బావ పదహారు పేజీలూ చదివాడు. ఎనిమిదో పేజీకే కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. చివరి పేజీ తిప్పి, కాగితాలు గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“బతికాడురా” అన్నాడు. “తప్పు నాదేరా. క్షమించరా.”

“పోనీలే బావా” అన్నాడు దర్శకుడు.

“ఆ సుడిగుండాలూ, ఆ మొసలీ, ఒడ్డున యువరాణి తన చీర చించి తాడు పేనడం... అబ్బబ్బ, ఏం రాశాడురా మహానుభావుడు! అవతలి ఒడ్డు చేరడానికి పదహారు పేజీలు పట్టింది.” బావ కళ్ళు తుడుచుకున్నాడు. “మరి సినిమాలో రెండు నిమిషాలకే ఒడ్డెక్కేశాడేమిట్రా?”

“అదంతా తీశాం బావా. లెంగ్త్ ఎక్కువైందని నేనే కూర్చుని కత్తిరించేశాను.”

బావ కాగితాలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, లేచి మిషన్ దగ్గరికి నడిచాడు.

“ఏ చేత్తో?”