రెండడుగులు తక్కువ

కార్పెట్ గోడదాకా రాలేదు.

కార్పెట్లు పరిచే రిజ్వాన్ ఆ చుట్టను దొర్లించుకుంటూ వెళ్లి అటు చివర ఆగిపోయాడు. ఇంకా రెండడుగుల నేల బోసిగా మిగిలే ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఉదయలక్ష్మి మేడం మొహం జేవురించింది. వై టూ కే పుణ్యమా అని అమీర్‌పేటలో ప్రతి మేడ మీదా ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలుస్తున్న రోజులు. రేపు పొద్దున్నే ఆవిడదీ ప్రారంభం.

"ఏంటిది రిజ్వాన్? మొదటి బేరానికే నాకు టోపీ పెడతావా?"

"తౌబా తౌబా! మీ ఆఫీసు నుంచి ఫోన్ల జెప్పినంతే కోసిన మేడం. పొడుగు ఇరవై నాలుగడుగులు. టేపు పెట్టి సూస్కోండి."

టేపు పెట్టారు. కార్పెట్ అక్షరాలా ఇరవై నాలుగే. హాలు ఇరవై ఆరు.

మేడం గిర్రున వెనక్కి తిరిగింది. "బుల్లబ్బాయ్! కొలిచి ఫోన్ చేసింది నువ్వేగా? దేంతో కొలిచావ్?"

బుల్లబ్బాయి తణుకు నుంచి వచ్చి ఆర్నెల్లు అమీర్‌పేట మెట్లన్నీ ఎక్కి దిగితే దొరికిన ఉద్యోగం ఇది. అదీ ఖాయం కాలేదు. "పనితనం చూసి ఉంచాలో పంపాలో చెప్తా" అంది మేడం. మొట్టమొదట అప్పజెప్పిన పనే ఈ కొలత. ఆఫీసులో టేపు కనబడలేదు. అడిగితే, ఆ మాత్రం తెచ్చుకోలేవా అంటారేమోనని నామోషీ. అడుగంటే పాదమేగా, ఇందులో బ్రహ్మవిద్య ఏముందనుకుని, గోడ వెంట మడమకి మునివేళ్లు ఆనిస్తూ బూట్లతో నడిచి లెక్కపెట్టేశాడు. ఎంత తెలివో!

పైగా ఆ బూట్లు తనవైతేగా!

ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు నడిరోడ్డు మీద చెప్పు తెగింది. ఏదో ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. లోపల ఎవరో కొత్త కార్పెట్ పరుస్తున్నారు. ఏసీ ల్యాబు కదా, గుమ్మం బయట చెప్పుల గుట్ట. అందులోంచి గోధుమరంగు బూట్లు తొడుక్కుని, వెనక్కి చూడకుండా దిగొచ్చేశాడు. మడమలకి టైరు ముక్కలు కొట్టించిన పాతకాలం బూట్లు. తనకి బాగా పెద్దవి. ముందు పేపర్లు కుక్కుకున్నాడు. 'ఎవరో కుర్రాడివై ఉంటాయి, వాళ్ల నాన్న ఇంకో జత కొనిపెడతాడులే' అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. మనసు సర్దుకుంది కానీ, ఆ బూట్లు తొడిగినప్పుడల్లా ఒళ్లు చచ్చిపోతూనే ఉంది.

ఇప్పుడు అవి ఈ ల్యాబు గుమ్మం బయటే ఉన్నాయి. తను లోపల ఒట్టికాళ్లతో నిలబడ్డాడు.

"నిన్నేనయ్యా! దేంతో కొలిచావ్?"

"టే... టేపుతోనే మేడం. ఇరవై ఆరని స్పష్టంగానే చెప్పాను. ఈయనే ఇరవై నాలుగని రాసుకున్నట్టున్నాడు."

ఎంత సులువుగా వచ్చేసిందా మాట! అతనికే అసహ్యం వేసింది.

రిజ్వాన్ టేపు చుట్టడం ఆపేశాడు. "గిదేం మాట తమ్మీ? నువ్వే కదా జెప్పింది!"

"చాల్లే!" అరిచింది మేడం. "చేసిన తప్పు చాలక పిల్లాడి మీదకి తోస్తావా? నీలాంటివాళ్లకి అమీర్‌పేటలో ఒక్క ఇన్‌స్టిట్యూట్‌లోనూ పని దొరక్కుండా చేస్తాను, చూస్కో!"

"ఒక్క నిమిషం మేడం. మా పంజగుట్ట దుకాణానికి ఫోన్ జేసి, గా కొలత రాసుకున్నోన్నే అడుగుత."

రిజ్వాన్ బయట బల్ల మీదున్న ఫోన్ కోసం గబగబా గుమ్మం దాటాడు. బుల్లబ్బాయి గుమ్మం వైపే చెవులు రిక్కించాడు. ఇంకేముంది, అయిపోయింది తన పని. కానీ బయట ఫోన్ మాటలేవీ వినపడలేదు. రిజ్వాన్ తిరిగొచ్చేసరికి అతని మొహంలో కోపం లేదు. మేడం వైపు కాకుండా బుల్లబ్బాయి వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"గల్తీ నాదే మేడం. ఇరవై ఆరే జెప్పిండు. సాయంత్రం లోపల ముక్క తెచ్చి అతికిస్త. ఫికర్ జేయకండి."

"అలా రా దారికి!" అంది మేడం. బుల్లబ్బాయి భుజం కూడా తట్టింది.

ఆ తట్టుకి అతను కుంచించుకుపోయాడు. ఉద్యోగం నిలబడిందన్న సంతోషం ఇసుమంతైనా కలగలేదు. తండ్రి వయసువాణ్ణి నలుగురిలో దొంగని చేశాడు. ఆయనేమో కిక్కురుమనకుండా మోసుకుని పోతున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇక ఉండబట్టలేక బయటికొచ్చి, బూట్లలో కాళ్లు దూర్చి, లేసులైనా కట్టుకోకుండా మెట్లు దిగుతూ పరిగెత్తాడు.

రిజ్వాన్ అరిగిపోయిన రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ అప్పటికే చివరి మెట్టు దాకా వెళ్లిపోయాడు.

"రిజ్వాన్ భాయ్! ఆగండి!" బుల్లబ్బాయి రొప్పుతూ ఎదురుగా నిలబడ్డాడు. "నేను ఇరవై నాలుగనే చెప్పాను. అబద్ధమాడాను. మీ కాళ్లు పట్టుకుంటాను, రండి, మేడంతో నేనే నిజం చెప్పేస్తాను."

"వద్దు తమ్మీ. నౌకరీ పోతది." రిజ్వాన్ గొంతు మెత్తగా ఉంది. "నువ్వు టేపుతోని కొలవలే. బూటుతోని కొలిచినవ్. గంతేనా?"

"మీ... మీకెలా తెలుసు?"

రిజ్వాన్ వంగి, బుల్లబ్బాయి బూటు మడమకున్న టైరు ముక్కని వేలితో ఒకసారి తడిమాడు.

"మా అబ్బాజాన్ సుత గీ బూట్లతోనే కొలిచేటోడు తమ్మీ. గాయనకు సుత ఎప్పుడూ గింతే తక్కువొస్తుండె."